పాన్ విప్పి చూడనివాడి తీర్పు వద్దు
(సభ్యుల ఆదివారం సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ విషయమో, గ్రాట్యుటీ బకాయిల విషయమో చెబుతానని వచ్చినవారికి ముందే మనవి చేసుకుంటున్నాను. అవి వచ్చే సమావేశంలో మాట్లాడుకుందాం. ఇవాళ్టి విషయం ఆటోమేటిక్ కారు గేర్‌బాక్సు అడుగున ఉండే ఆయిల్ పాన్, దాని ప్యాకింగు, లోపలి ఫిల్టరు. ఇంటి దగ్గరే వాటిని ఎలా మార్చుకోవాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు అన్నది చెబుతాను.

యూనియన్‌కు ఇదేం పని అని కమిటీలోనే ఒకరిద్దరు అడిగారు. బిన్నీ, రాజా, మినర్వా మిల్లుల గేట్లు మూతబడ్డాక మన మనిషి ఎక్కడికి పోయాడు? రాజా మిల్లు స్థలంలో 2010లో మాల్ లేచింది. మినర్వా పేరు సర్కిల్‌కూ, 1980 నాటి సుప్రీంకోర్టు తీర్పుకూ మిగిలింది. మనవాళ్ళు కొందరు గార్మెంట్ ఫ్యాక్టరీలకు పోయారు, కొందరు సెక్యూరిటీ డ్యూటీకి పోయారు, చాలామంది స్టీరింగు పట్టుకున్నారు. అప్పట్లో వి.ఆర్.ఎస్. డబ్బుతో ఆటో కొన్నవాడి కొడుకు ఇప్పుడు బ్యాంకు అప్పుతో సెకండ్ హ్యాండ్ కారు కొని నడుపుతున్నాడు. బండి ఆగినా నెల కంతు ఆగదు. కాబట్టి ఇది యూనియన్ పనే.

మన సభ్యుడొకాయన కారు పొద్దున్నే స్టార్టు చేసి డి లో వేస్తే రెండు మూడు సెకన్లు నిలబడి ఆ తర్వాత గానీ కదిలేది కాదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంది, బండి లాగదు. ఒక గ్యారేజీలో చూపిస్తే పాన్ విప్పకుండానే ‘గేర్‌బాక్సు పోయింది, లక్షన్నర అవుతుంది’ అన్నారు. ఆ మనిషి భార్య తాళి తాకట్టు దాకా ఆలోచన పోయింది. తీరా బండి నిలిపే చోట నేల చూస్తే ఎర్రటి మరక. పాన్ ప్యాకింగు బిరుసెక్కి ఒక మూల నుంచి కారుతోంది, లోపల ఆయిలు తగ్గిపోయింది. కొత్త ప్యాకింగు, ఫిల్టరు, సరైన ఆయిలు వేశాక కొన్ని వేలతో పని తేలింది. బండి నడుస్తోంది. అందరికీ ఇలాగే అవుతుందని నేను హామీ ఇవ్వడం లేదు. లోపల క్లచ్చి ప్లేట్లు కాలిపోయి ఉంటే ఏ ఆయిలూ కాపాడదు. కానీ పాన్ విప్పి చూడకుండా తీర్పు చెప్పేవాడి మాట మీద అప్పు చేయకండి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ పాన్ ఎలా విప్పాలి, విప్పితే ఏం చూడాలి అన్నదే.

మొదట మీ బండిలో ఉన్నది ఏ రకం గేర్‌బాక్సో తెలుసుకోండి. ఎడమ కాలికి పెడల్ లేనంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 2014లో సెలేరియోతో వచ్చిన ఏ.ఎం.టి. ఉందే, అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్చి తొక్కే పని, గేరు మార్చే పని ఒక యంత్రం చేస్తుంది, అంతే. దానికి నేను చెప్పే పాన్ ఫిల్టరు పని లేదు. సి.వి.టి. అంటే రెండు కప్పీల మధ్య స్టీలు బెల్టు నడిచే రకం, దాని ఆయిలు వేరు. అందులో మామూలు ఆటోమేటిక్ ఆయిలు పోస్తే బెల్టు పట్టు తప్పుతుంది. నేను మాట్లాడేది టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు ఆటోమేటిక్ గురించి. బిడదిలో మనలాంటి కార్మికులు బిగించిన ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్ ఈ రకమే.

ఈ టార్క్ కన్వర్టర్ సంగతి తెలిస్తే ఆయిలు ఎందుకు చెడుతుందో తెలుస్తుంది. ఆయిల్లో మునిగిన రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఉన్నాయనుకోండి. ఒకదాన్ని ఇంజను తిప్పుతుంది. అది ఆయిల్ని విసిరితే ఆ తోపుకు రెండోది తిరుగుతుంది. రెండింటికీ మధ్య ఇనుము తగలదు, ఆయిలే బలాన్ని మోస్తుంది. అదే ఆయిలు ఒత్తిడితో వాల్వులను కదిపి గేరు మారుస్తుంది, క్లచ్చి ప్లేట్లను అదుముతుంది, గేర్లకు జిడ్డు పెడుతుంది, వేడిని కూలరుకు చేరుస్తుంది. మిల్లులో నలుగురు చేసే పని ఒక్కడి చేత చేయిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఇక బండిని డి లో పెట్టి బ్రేకు తొక్కి నిలబడితే మొదటి ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, రెండోది కదలదు. ఆ బలమంతా వేడిగా ఆయిల్లోకే పోతుంది. సిల్క్ బోర్డు దగ్గర, టిన్ ఫ్యాక్టరీ దగ్గర, హెబ్బాళలో అరగంట ముందుకీ వెనక్కీ కాకుండా నిలబడే బండిలో ఆయిలు ఉడుకుతుంటుంది.

కొన్ని కంపెనీలు ‘ఇది జీవితకాలం ఆయిలు, మార్చనక్కరలేదు’ అంటాయి. ఎవరి జీవితకాలం? వారంటీ మూడేళ్ళో అయిదేళ్ళో. మన అప్పు తీరేది ఏడేళ్ళకు. మన షెడ్లలో ఆయిలర్ అనే ఒక మనిషి ఉండేవాడు. రింగు ఫ్రేము స్పిండిల్ బోల్‌స్టర్‌లో ఆయిలు ఎన్నాళ్ళకు మార్చాలో, హెడ్‌స్టాకులో ఎప్పుడు చూడాలో అతనికి చార్టు ఉండేది. తిరిగే ఇనుముకు జీవితకాలం ఆయిలు అని అతనికి చెబితే నవ్వేవాడు. మీ కారు మాన్యువల్ వెనక పేజీల్లో ‘కఠినమైన వాడకం’ అనే పట్టిక ఉందేమో వెతకండి. టాక్సీగా నడపడం, ఆగుతూ కదులుతూ పోయే ట్రాఫిక్, ఎక్కువ బరువు, ఇవన్నీ సాధారణంగా అందులోకే వస్తాయి. బెంగళూరులో కిరాయికి తిరిగే బండి ఏ పట్టికలోకి వస్తుందో నేను చెప్పనక్కరలేదు. ఆ పట్టికలో ఉన్న కిలోమీటర్లే మీ లెక్క.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. కార్లలో ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సును పెద్ద ఎత్తున తెచ్చింది జనరల్ మోటార్స్. 1939లో హైడ్రామాటిక్ అని పేరు పెట్టి 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టారు. ఆ తర్వాత చాలాకాలం ఇలాంటి ఆయిళ్ళలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970లో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే జాతుల జాబితాలో పెట్టాక వేరే మందులు వెతుక్కున్నారు. మనకు సంబంధించిన సంగతేమిటంటే, అంతకు నూరేళ్ళ ముందు నూలు మిల్లుల స్పిండిళ్ళకు వేసిందీ ఆ తిమింగలం నూనే. మన స్పిండిలూ, ఈ గేర్‌బాక్సూ దూరపు చుట్టాలే అన్నమాట.

ఇక పనికి వద్దాం. సామాను ముందే తెచ్చి పెట్టుకోవాలి. జె.సి. రోడ్డులో ఫిల్టరు, ప్యాకింగు, ఓ-రింగు కలిపి సెట్టుగా దొరుకుతాయి. బండి నంబరు కాదు, ఛాసిస్ నంబరు చూపించి అడగండి. ఆయిలు మాత్రం మాన్యువల్‌లో ఏ పేరు రాసి ఉందో అదే. క్రిస్టా ఆటోమేటిక్‌కు టయోటా డబ్ల్యు.ఎస్. అని ఉంటే అదే కొనాలి. ‘అన్నా, ఇది అన్ని బండ్లకూ వస్తుంది’ అని అంగడివాడు ఇచ్చేది వద్దు. పాత బిల్లూ, పాత డబ్బా ఫోటో దాచుకోండి, బండి అమ్మేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. జాకీ ఉన్నది ఎత్తడానికి, మోయడానికి కాదు. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ, ఒక్క నిమిషానికైనా, చెయ్యి కూడా పెట్టకూడదు. స్టాండ్లు నాలుగూ వేయండి, లేదా ర్యాంపుల మీదికి ఎక్కించండి. హాలో బ్లాకులు, ఇటుకలు పెట్టకండి. సిమెంటు దిమ్మ గట్టిగా కనిపిస్తూనే హఠాత్తుగా పిండైపోతుంది. మన వీధుల్లో సగం వాలుగా ఉంటాయి, కాబట్టి చదునైన సిమెంటు నేల వెతుక్కోండి. పి లో పెట్టాం కదా అని నమ్ముకోవద్దు, హ్యాండ్ బ్రేకు వేయాలి, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు కొట్టాలి. స్టాండ్ల మీద కూర్చోబెట్టాక బండిని భుజంతో గట్టిగా నెట్టి చూడండి. ఊగితే దించి మళ్ళీ వేయండి. తాళంచెవి మీ జేబులో ఉండాలి. మిల్లులో ఫిట్టరు యంత్రంలో చెయ్యి పెట్టేముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు చూశారా, అదే పద్ధతి. 1948 ఫ్యాక్టరీల చట్టం తిరిగే యంత్రానికి కంచె కట్టమంది. ఇంటి ముందు చట్టమూ లేదు, ఇన్‌స్పెక్టరూ లేడు. పక్కన ఇంకొక మనిషి తప్పకుండా ఉండాలి. ఒంటరిగా ఈ పని చేసే సభ్యుడికి యూనియన్ సామాను ఇవ్వము. ఇది కమిటీ తీర్మానం.

బండిని పది పదిహేను నిమిషాలు నడిపి, ఆపి, కాస్త చల్లారనివ్వండి. గోరువెచ్చటి ఆయిలు బాగా దిగుతుంది. మరీ వేడిగా ఉంటే చేతులు కాలుతాయి, పక్కనే సైలెన్సర్ పైపు కూడా ఉంటుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి. బీడీ, సిగరెట్టు ఆ దరిదాపుల్లో వద్దు.

ఆయిలు దించేముందు పోసే చోట ఉన్న ప్లగ్గు వదులవుతుందో లేదో చూడండి. అది పట్టేసి ఉంటే, ఆయిలంతా దించేశాక బండి కదలదు, ఆదివారం సాయంత్రం మీకు దిక్కుండదు. తర్వాత పాన్ చుట్టూ మట్టి, గ్రీజు శుభ్రంగా తుడవండి. ఇక్కడ మిల్లు మనిషికి ఒక హెచ్చరిక. మన చేతికి కాటన్ వేస్టు అలవాటు. బయట తుడవడానికి వాడుకోండి, పాన్ విప్పాక మాత్రం దాన్ని దగ్గరికి రానీయకండి. షెడ్డులో ఫ్లై ఎక్కడెక్కడ దూరుతుందో మనకంటే ఎవరికి తెలుసు? ఈ గేర్‌బాక్సు వాల్వులు నడిచే సందులు వెంట్రుకంత. ఒక్క పీచు పోయి అడ్డం పడితే వాల్వు ఇరుక్కుంటుంది. లోపలికి నూగు రాలని బట్టే వాడాలి.

డ్రెయిన్ ప్లగ్గు ఉంటే పని తేలిక. లేకపోతే ఒక వైపు బోల్టులు తీసేసి, ఎదుటి వైపువి నాలుగైదు చుట్లు మాత్రం వదులు చేస్తే పాన్ ఒక పక్కకు వాలి ఆయిలు నిదానంగా కారుతుంది. అన్నీ ఒక్కసారి విప్పితే స్నానమే. దిగిన ఆయిల్ని గీతలున్న సీసాల్లో పోసి ఎన్ని లీటర్లో కొలవండి. తిరిగి పోసేటప్పుడు మొదటి లెక్క అదే. మొత్తం ఆయిలు దిగదు, మూడో వంతు నుంచి సగం దాకానే వస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. దానికి కంగారు వద్దు. కావాలంటే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి దించి పోసుకోవచ్చు.

ఇప్పుడు పాన్‌ను వెలుతురులోకి తెచ్చి నిదానంగా చూడండి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో విలువైనది ఈ అయిదు నిమిషాలు. అడుగున చిన్న అయస్కాంతాలు ఉంటాయి. బ్లోరూములో దూదిలోంచి ఇనుప ముక్కలు పట్టడానికి మ్యాగ్నెట్ పెట్టేవారు కదా, నిప్పు పుట్టకుండా, అలాంటివే ఇవీ. వాటి మీద బూడిద రంగులో మెత్తటి పేస్టు ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. వేళ్ళ మధ్య రుద్దితే గరగరలాడే రజను, మెరిసే ముక్కలు, పళ్ళ విరుగుళ్ళు ఉంటే బండి ఆపేయాలి. నల్లటి పొరలు పొరలుగా ఉంటే అది క్లచ్చి ప్లేట్ల మీది పదార్థం. ఆయిలు కొత్తది సాధారణంగా ఎర్రగా ఉంటుంది. కాస్త గోధుమ రంగుకు తిరగడం సహజం. కాఫీ డికాషన్ లాగా నల్లబడి మాడిన వాసన వస్తే లోపల కాలిందని అర్థం. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి, రేడియేటర్ లోపలి కూలరు చూడాలి. అన్నీ ఫోటోలు తీసుకోండి. తర్వాత ఏ మెకానిక్కు దగ్గరికి పోయినా మీరు వట్టి చేతులతో పోరు, చూసినవాడిలా మాట్లాడతారు.

‘పాత గేర్‌బాక్సుకు కొత్త ఆయిలు వేస్తే పోతుంది’ అనే మాట మీరు విని ఉంటారు. అది సగం నిజం. ప్లేట్లు అప్పటికే కాలి, అరిగి, చివరి దశలో ఉన్న గేర్‌బాక్సు ఆయిలు మార్చిన వారానికి ఆగిపోవచ్చు. ఆగింది ఆయిలు వల్ల కాదు, ముందు నుంచీ ఉన్న జబ్బు వల్ల. అందుకే మాడిన వాసన, నల్ల పొరలు కనిపిస్తే ఇంట్లో పని అక్కడితో ఆపి, తెలిసిన మెకానిక్కుకు చూపించండి. బాగున్న గేర్‌బాక్సుకు మాత్రం ఆ భయం వద్దు.

ఫిల్టరు విప్పేటప్పుడు పాత ఓ-రింగు పైన గాడిలో అంటుకుని ఉండిపోతుంది. దాన్ని వేలితో తడిమి తీయాలి. తీయకుండా కొత్తది దూరిస్తే సరిగ్గా కూర్చోదు, పంపు ఆయిలుతో పాటు గాలి పీలుస్తుంది, బండి లాగదు. కొత్త ఓ-రింగుకు కొద్దిగా కొత్త ఆయిలు రాసి ఎక్కించండి. పాత ప్యాకింగును గీకడానికి ఇనుప బ్లేడు వాడవద్దు. గేర్‌బాక్సు ఒళ్ళు అల్యూమినియం, గీత పడితే ఆ గీతలోంచే కారుతుంది. చెక్క ముక్క గానీ ప్లాస్టిక్ స్క్రేపర్ గానీ వాడండి. పాన్ రేకు అంచు బోల్టుల దగ్గర ఎవరో ఇదివరకు బిగించి లోపలికి నొక్కి ఉంటారు. దాన్ని చెక్క మీద పెట్టి సుత్తితో మెల్లగా చదును చేయండి. ప్యాకింగు ఉన్న చోట సీలింగు గమ్ము పూయవద్దు. పిండి లోపలికి వచ్చిన గమ్ము ముక్క తెగి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. కొన్ని బండ్లకు ప్యాకింగు ఉండదు, గమ్మే వేయమని కంపెనీ చెబుతుంది. అక్కడ అదే వేయాలి.

బోల్టులన్నీ ముందు చేత్తోనే తిప్పండి. తర్వాత ఎదురెదురువి కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో బిగించండి. మిల్లు ఫిట్టరుకు ‘ఇంకాస్త’ అనే జబ్బు ఉంటుంది, దాన్ని ఇంట్లో వదిలి రండి. ఈ చిన్న బోల్టులకు చాలా బండ్లలో 7 నుంచి 12 న్యూటన్ మీటర్ల బిగువు చాలు, మీ బండికి ఎంతో మాన్యువల్ చెబుతుంది. 10 న్యూటన్ మీటర్లంటే మీటరు పొడవు కడ్డీ చివర కిలో బరువు వేలాడదీసినంత. అంతకంటే లాగితే ప్యాకింగు పిండైపోతుంది, లేదా అల్యూమినియంలో త్రెడ్ పోతుంది. త్రెడ్ పోయిందంటే ఆదివారం పని వారం పని అవుతుంది.

దించినంత ఆయిలు పోసి, ఇంజను స్టార్టు చేసి, బ్రేకు మీద కాలు ఉంచి లివరును ఒక్కొక్క గేరులో కొన్ని సెకన్లు ఆపుతూ తిప్పి మళ్ళీ పి లోకి తేవాలి. ఈ సమయంలో కింద ఎవరూ ఉండకూడదు. డిప్‌స్టిక్ ఉన్న పాత మోడళ్ళలో బండి నేల మీద చదునుగా ఉండగా, మాన్యువల్ చెప్పిన పద్ధతిలో చూసుకోండి. డిప్‌స్టిక్ లేని బండ్లలో పొంగే ప్లగ్గు ఉంటుంది. బండి నాలుగు స్టాండ్ల మీద సమంగా ఉండాలి, ఇంజను నడుస్తూ ఉండాలి, ఆయిలు చెప్పిన వేడికి రావాలి. డబ్ల్యు.ఎస్. వాడే చాలా గేర్‌బాక్సులకు అది 40 డిగ్రీల చుట్టుపక్కల. వేరే కంపెనీలవి వేరుగా ఉంటాయి. అప్పుడు ప్లగ్గు తీస్తే సన్నని ధారగా వచ్చి బొట్లు బొట్లుగా మారాలి, అప్పుడు ప్లగ్గు వేసేయాలి. ఏమీ రాకపోతే ఆయిలు తక్కువ. చెప్పుకున్న మొత్తం పనిలో ఇంజను నడుస్తుండగా కిందికి చెయ్యి పెట్టేది ఇదొక్కచోటే. ఇది చేతగాదనిపిస్తే ఆ ఒక్క పనికి మెకానిక్కును పిలవండి, నామోషీ ఏమీ లేదు. ఆయిలు ఎక్కువైనా తప్పే, గేర్లు చిలికి నురగ పుట్టిస్తాయి, నురగకు ఒత్తిడి ఉండదు.

మెకానిక్కుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. షెడ్డులో పనిచేసే ఆ కుర్రవాడూ కార్మికుడే. వాడి కూలి కొట్టేయడం మన ఉద్దేశం కాదు. చూసి, చెప్పి, చేసేవాడికి అడిగిన కూలి ఇవ్వండి, బేరం ఆడకండి. మన పేచీ చూడకుండా లక్షల లెక్క చెప్పే కౌంటరుతోనే.

వాడిన ఆయిలు సంగతి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిలు కూడా ఉంది. మోరీలో పోస్తే అది రాజకాలువెలోకి, అక్కడి నుంచి ఈ పక్క వృషభావతిలోకి, ఆ పక్క బెళ్ళందూరు చెరువులోకి పోతుంది. బెళ్ళందూరులో 2015లో నీళ్ళ మీది నురగకే నిప్పంటుకుంది. ఆ నీళ్ళతో కింది ఊళ్ళ రైతులు ఆకుకూరలు పండించి మనకే అమ్ముతారు. మూత బిగించిన డబ్బాలో పోసి, అనుమతి ఉన్న రీసైక్లింగువాళ్ళకు చేర్చే గ్యారేజీకి ఇవ్వండి. నీళ్ళు, పెట్రోలు, బ్రేకు ఆయిలు అందులో కలపవద్దు. ఆఫీసు వెనక ఒక డ్రమ్ము పెడుతున్నాము, అక్కడికీ తేవచ్చు.

పని అయిన మర్నాడు బండి కింద పాత అట్ట పరిచి పొద్దున చూడండి. వారం తర్వాత మళ్ళీ చూడండి. చెమ్మ కనిపిస్తే బోల్టును ‘ఇంకాస్త’ తిప్పే ముందు టార్కు రెంచితో కొలవండి. తేదీ, కిలోమీటరు రీడింగు, ఎన్ని లీటర్లు దిగింది, ఎన్ని పోశారు అన్నవి డైరీలో రాసుకోండి.

నాలుగు స్టాండ్లు, చక్రాల దిమ్మలు, చిన్న టార్కు రెంచి, వేడి కొలిచే మీటరు యూనియన్ ఆఫీసులో ఉన్నాయి. కావలసినవారు శనివారం సాయంత్రం లోపల పుస్తకంలో పేరు రాయించుకోవాలి, తోడు వచ్చే మనిషి పేరు కూడా రాయాలి. ఆదివారం చీకటి పడేలోగా తిరిగి ఇచ్చేయాలి, తుడిచి ఇవ్వాలి. ఇక మీ ప్రశ్నలు అడగండి.